నవాహో మాటలు, గుప్పెడు కల్లుప్పు

డెబ్బైల్లో చందానగర్‌లో మేం అద్దెకున్న వాటా పిండి గిర్నిని ఆనుకుని ఉండేది. గిర్ని మా ఇంటిగలావిడదే. పొద్దున మొదలైతే చీకటి పడేదాకా దాని మోత ఆగదు. మా ఆయనతో మామూలుగా మాట్లాడాలన్నా అరవాల్సిందే. కోపమొచ్చి అరిచినా ఆయనకు తేడా తెలిసేది కాదు.

ఆ ఇంట్లోనే మా వాడు పుట్టాడు. అయిదో నెల వచ్చినా పిలిస్తే తిరిగేవాడు కాదు, పకపకా నవ్వేవాడూ కాదు. పక్కన పళ్లెం పడేసినా ఉలిక్కిపడడు. దవాఖానలో డాక్టరు ఇంకొన్నాళ్లు చూద్దామన్నాడు. చెవుడేమోనని నాకు అన్నం సయించేది కాదు.

"ఫికర్ జెయ్యకు బిడ్డా" అంటూనే ఇంటిగలావిడ కూడా వాడి పక్కన ఇత్తడి బిందె వాయించి చూసేది. గిర్ని ఆగే వేళకు వాడు నిద్రపోయేవాడు.

మా ఆయన బొంబాయి రోడ్డు మీద కొత్తగా పెట్టిన పంటల పరిశోధన కేంద్రంలో గుమస్తా. అక్కడ విత్తనాల పని మీద అమెరికా నుంచి వచ్చినావిడను ఒక ఆదివారం భోజనానికి పిలిచారు. తెల్లదొరసాని వస్తుందనుకుని నేను హడావిడి పడ్డాను. తీరా చూస్తే మనలాగే చామనఛాయ, నల్లటి జడ. తెల్లవాళ్లు రాకముందు నుంచీ ఆ దేశంలో ఉన్న నవాహో జాతి మనిషినని చెప్పింది.

ఆ పూట కరెంటు పోయి గిర్ని ఆగింది. వంకాయలు తరుగుతూ, వచ్చీరాని ఇంగ్లీషులో వాళ్ల మాటలు అడిగాను. నీళ్లు 'తో'. మా అమ్మ అనాలంటే 'షిమా'. ఎవరైనా ఎదురైతే 'యా ఆతే' అంటారట, అంటే బాగుంది అని. వద్దు అనడానికి 'దోదా'. గొంతు ఎంత చిన్నదంటే, నేనే ముందుకు వంగి వినాల్సి వచ్చింది.

చాప మీద అటు తిరిగి ఉన్న మా వాడు వంకాయ ముచ్చిక నోట్లో పెట్టుకోబోయాడు. వెనక నుంచి ఆవిడ మెల్లగా "దోదా, దోదా" అంది. వాడు ఠక్కున తల తిప్పాడు. ఆవిడ మళ్లీ అంది. వాడు పకపకా నవ్వాడు.

కత్తిపీట వదిలేసి లేచాను. వాడికి వినబడుతోంది! పుట్టింది మొదలు గిర్ని మోతలో పెరిగినవాడికి మా పళ్లేలూ బిందెలూ ఓ లెక్కా? మోత లేనప్పుడు మెల్లగా పిలిచి చూద్దామని మాలో ఒక్కరికీ తట్టలేదు. వాణ్ణి ఎత్తుకుని భోరున ఏడ్చాను. గుండె మీది బండ దిగిపోయింది.

ఆవిడ కంగారు పడింది. సంగతంతా విన్నాక, కాస్త ఉప్పు తెమ్మంది. బిడ్డను మొదటిసారి పకపకా నవ్వించినవాళ్లు ఆ బిడ్డ చేత అందరికీ ఉప్పు పెట్టించడం వాళ్ల ఆచారమట. కల్లుప్పు జాడీ తెచ్చాను. వాడి గుప్పిట పట్టుకుని నా అరచేతిలో ఉప్పు పెట్టించింది.

నా ఏడుపు విని వచ్చిన ఇంటిగలావిడ గుమ్మంలోనే ఆగిపోయింది.

"అయ్యో, ఉప్పు చేతికియ్యద్దమ్మా, ఇంట్ల లొల్లి అయితది!"

మా వైపూ అంతే, ఉప్పు కింద పెడితేనే తీసుకుంటాం. "వీడికి వినబడుతోందండీ" అన్నాను. ఇంటిగలావిడ వాడి మొహంలోకి చూసి, కొంగుతో కళ్లు తుడుచుకుని చెయ్యి చాపింది.

"ఇయ్యి కొడుకా. లొల్లి అయితె కానియ్యి. ఆ లొల్లి నువ్వు గూడ ఇంటవ్ గద!"