అమ్మను తెస్తేనే ఆంప్లిఫయర్

అంబదాస్ దగ్గర ఆంప్లిఫయర్ కొనాలంటే అమ్మను వెంటబెట్టుకుని వెళ్ళాలి. సొంత అమ్మ. పిన్ని, మేనత్త చెల్లరు. తెలుగులో అడిగితే అమ్మను తెమ్మనేవాడు, మరాఠీలో అడిగితే ఆయీని, ఉర్దూలో అడిగితే అమ్మీజాన్‌ని. నాందేడ్ వజీరాబాద్‌లో ఆయన దుకాణం పక్కనే నా ఫొటో స్టూడియో కాబట్టి, డెబ్బైల దశకంలో ఆ గల్లీకి వచ్చిన తల్లులందరినీ నేను చూశాను.

అసలు ఆయన బతుకుతెరువు స్పీకర్లు. గణపతి మండపానికి గొట్టం స్పీకర్, అదే భోంగా కావాలన్నా, ఇంటికి చెక్క స్పీకర్ కావాలన్నా మారు మాట్లాడకుండా చేసిచ్చేవాడు. ఆంప్లిఫయర్ పేరెత్తితే మాత్రం మనిషి మారిపోయేవాడు. ట్రాన్స్‌ఫార్మర్ తీగ తనే చుట్టి, టేకు పెట్టెలో బిగించి, పసిపిల్లకు కప్పినట్టు దుప్పటి కప్పేవాడు. ఒక్క డబ్బా తయారయ్యేసరికి వానాకాలం వచ్చి పోయేది.

"మంచి రికార్డు పెట్టి వినిపిస్తే సరిపోదా?" అని ఒకసారి అడిగాను.

"ఆ పాడినామె నీకు చుట్టమా? ఆమె అసలు గొంతు ఎట్లుంటదో నీకేం ఎరుక? అమ్మ గొంతైతే ఎవనికన్న ఎరుకే."

పరీక్షకు తెర నాది. చెరువు, రెండు హంసలు గీసిన స్టూడియో తెర. కొడుకు ఇవతల కూర్చోవాలి. తల్లి ఒకసారి తెర వెనకే నిలబడి మాట్లాడుతుంది, ఇంకోసారి లోపలి గదిలో తలుపు మూసుకుని మైకులో మాట్లాడితే తెర వెనక స్పీకర్ పలుకుతుంది. ఏది అమ్మో ఏది డబ్బానో కొడుకు తేల్చుకోలేకపోతే డబ్బా పాసు. ఆ సాకుతో తల్లులు కొడుకులను నోరారా తిట్టిపోయేవాళ్ళు.

నన్ను చూసి అంబదాస్ జాలిపడేవాడు. "నీకు ఇద్దామంటే అమ్మ లేకపాయె." మాహూర్‌లో మా మేనత్త అనుసూయాబాయి ఉంది గానీ, వాళ్ళింటి పెళ్ళి పంక్తిలో పప్పు పలచగా ఉందని నేనన్న ఒక్క మాటకు ఆమె నాతో మాట్లాడడం మానేసింది.

ఒకరోజు ధర్మాబాద్ నుంచి ధాన్యం వ్యాపారి భోజన్న సేటు వచ్చాడు. అందరికంటే పెద్ద డబ్బా కావాలన్నాడు.

"అమ్మను తీసుకరా సేటూ."

"నా పెండ్లాన్ని తెస్త."

"నువ్వు పెండ్లాం మాట వినంగ ఎవరన్న చూసిండ్రా?"

భోజన్న గొంతు తగ్గింది. "అమ్మ భోకర్‌ల తమ్మునింట్ల ఉంటది. మాకు మాటల్లేవు."

"నీతోని ఎందుకు? మైకుతోని మాట్లాడుతది."

తండ్రి పోయాక వాటాలు పంచుకున్నప్పుడు ఇంటి రేడియోను తల్లి పార్వతీబాయి చిన్నకొడుకు దిగంబర్‌కు ఇచ్చింది. ఆ అలకతోనే భోజన్నకు ఏళ్ళు గడిచాయి. ఆ రేడియోను తలదన్నే డబ్బా ఇంట్లో పెట్టాలన్నదే ఆయన పంతం. దాని కోసం తల్లికి కబురు పెట్టక తప్పలేదు.

డబ్బా తయారయ్యాక ఒక ఆదివారం దిగంబర్ ఆమెను బస్సులో తెచ్చి దింపాడు. ముందు మైకులో రెండు మాటలు చెప్పించి, తర్వాత తెర వెనక నిలబెట్టారు.

"ఏం మాట్లాడాలె బిడ్డా?" అంది ముసలమ్మ.

"కొడుకును తిట్టినట్టు తిట్టు అవ్వా" అన్నాడు అంబదాస్.

"వాడు ఎదురుంగ ఉంటే గద తిట్టేది."

భోజన్న చెవి రిక్కించి విన్నాడు. "ఇది డబ్బానే. మా అమ్మ గొంతు గింత అరిగిపోలే."

తెర పక్కకు జరిగింది. హంసల మధ్య పార్వతీబాయి తల. "నేను డబ్బానారా?"

భోజన్న ముఖం మాడిపోయింది. నవ్వు ఆపుకోలేక నేను తెర సర్దే పనిలో పడ్డాను. అంబదాస్ మాత్రం నవ్వలేదు. "తప్పు డబ్బాది. ముందుగాల ఇన్న ఖర్‌ఖర్ నీ చెవుల నిలిచిపోయింది. సరిచేస్త. వచ్చే ఐతారం మళ్ళ రాండ్రి" అని వెనకున్న స్క్రూను అటూ ఇటూ తిప్పాడు.

అలా ఆదివారాలు నడిచాయి. ఒక వారం గొంతు సన్నమైందన్నాడు అంబదాస్, ఒక వారం వాన తడి అన్నాడు. ప్రతిసారీ స్క్రూ తిరిగేది. పార్వతీబాయికి మైకు అలవాటై పన్నునొప్పి, పత్తి పంట, కోడళ్ళ వంట అన్నీ చెప్పేది. కొన్నాళ్ళకు భోజన్నే భోకర్ వెళ్ళి ఆమెను తీసుకురావడం మొదలుపెట్టాడు. దారిలో మాత్రం ఇద్దరూ డబ్బా గురించే మాట్లాడుకునేవారట.

ఒక ఆదివారం తెర వెనక నుంచి ఆమె గొంతు వచ్చింది. "రేడియో సంగతి చెప్త విను భోజన్నా. మీ నాయిన పోయినంక అది పలుకుడు బంద్ చేసింది. పాడైన సామాను పెద్దకొడుకుకు ఎట్లియ్యాలె అని దిగంబర్ నెత్తిన పెట్టిన. ఇయ్యాల్టికీ దానిమీద వాడు తువాల ఆరేస్తడు."

భోజన్న కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "ఇది అమ్మనే."

అంబదాస్ తెర జరిపాడు. అక్కడ స్పీకర్ ఒక్కటే ఉంది.

"డబ్బా పాసైంది సేటూ."

"పాసో ఫేలో నాకు తెల్వది. అది అమ్మనే" అంటూ భోజన్న లోపలి గది తలుపు తోసుకుని వెళ్ళాడు. ఆ సాయంత్రం ధర్మాబాద్ రైల్లో ఒక సీటు డబ్బాకు, ఇంకో సీటు అమ్మకు.

డబ్బాను స్టేషన్‌కు పంపేముందు అంబదాస్ వెనక చెక్క విప్పి దుమ్ము తుడుస్తుంటే లోపలికి తొంగి చూశాను. ఆ స్క్రూకు ఒక్క తీగా లేదు.

"ఇది ఉత్త స్క్రూనా?"

"ఉత్తదే. డబ్బా మొదటిదినమే మంచిగుండె."

"సేటుకు తెలిస్తే?"

"స్క్రూకు తీగ లేదని రెండో ఐతారమే చూసిండు. అడగలే. తల్లికోసం పోతున్న అంటే మనిషికి సిగ్గు. డబ్బాకోసం అంటే సిగ్గేముంది?"

ఆ పూట అంబదాస్ నాకు ఎంత ముద్దొచ్చాడో చెప్పలేను. ఆ ఊపులో, "నాకూ ఒకటి చేసిపెట్టు" అనేశాను.

"చేస్త. నీకైతే అమ్మ లేకుంటే అత్త నడుస్తది. మాహూర్ బస్సు పొద్దుగాల్నే ఉంటది."

"ఆమె నాతో మాట్లాడదు."

"మైకుతోని మాట్లాడుతది."

స్టూడియోకు తాళం వేసి మాహూర్ బస్సెక్కాను. మా అత్త వచ్చింది, మైకు పట్టుకుంది, పప్పు దగ్గర మొదలుపెట్టింది. మా డబ్బాకు అంబదాస్ రెండు స్క్రూలు బిగించాల్సి వచ్చింది.