కందిచేను దులిపిన రోజు

నా చిన్నప్పుడు కందికి పూత పట్టే కాలంలో చేను మధ్య నిలబడి మాట్లాడాలంటే గొంతు పెంచాల్సి వచ్చేది. తేనెటీగల రొద అంతగా ఉండేది. ఈ మాట చెబితే మా మనవరాలు నవ్వుతుంది. ముసలోళ్ళకు అన్నీ పెద్దవిగానే గుర్తుంటాయిలే అంటుంది. దాని తప్పేముంది, అది ఆ రొద విన్నదెప్పుడు?

మాది కొనకనమిట్ల పక్కన మెట్ట పల్లె. వాన పడితే పంట, లేకపోతే లేదు. ఆ ఏడు వానలు బాగానే పడ్డాయి గానీ, కాయ పట్టే వేళకు కందికి పచ్చపురుగు తగిలింది. ఊళ్ళోకి అప్పుడప్పుడే వస్తున్న పురుగుమందు తెచ్చి కొడతానన్నాడు మా నాయన. మా అవ్వ, అంటే నాయన తల్లి, ససేమిరా అంది. మందు మంచీ చెడూ చూడదు, అన్నిటినీ చంపుతుందని ఆమె వాదన. తల్లీకొడుకులు రెండు రోజులు మాట్లాడుకోలేదు. చివరికి నాయనే దిగివచ్చాడు.

"పది దినాలు సూస్తా మా. పురుగు తగ్గకుంటే మందు కొట్టేదే. మళ్ళ నువ్వు అడ్డం రావద్దు."

అవ్వ పద్ధతి చేను దులపడం. పొద్దున్నే సాళ్ళ మధ్య పాత దుప్పటి పరిచి, కందిచెట్టును దాని మీదికి వంచి గట్టిగా ఊపితే పురుగులు టపటపా రాలతాయి. వాటిని చేటలోకి ఎత్తి, కిరసనాయిలు కలిపిన నీళ్ళ బకెట్లో పోయాలి. అయితే పోసేముందు ఏరాలి. సాలెపురుగులు, ముందుకాళ్ళు దణ్ణం పెట్టినట్టు ముడుచుకునే గొల్లభామలు, ఎర్రటి వీపు మీద నల్లచుక్కలుండే అక్షింతల పురుగులు, వీటన్నిటినీ పుల్లతో తీసి మళ్ళీ చెట్ల మీద వదలాలి. ఆ ఏరే పని నాకిచ్చింది.

నాకేమో సాలెపురుగంటే ఒళ్ళు జలదరిస్తుంది. రెండు చేటలు ఏరేసరికి విసుగొచ్చింది. అవ్వ అటు తిరిగి చెట్లు ఊపుతోంది. మూడో చేట నుంచి ఏరకుండానే బకెట్లో బోర్లించాను. పొద్దెక్కేలోపే పని అయిపోయింది. ఇంత త్వరగా చేశానని మెచ్చుకుంటుందనుకున్నాను, చూడండి నా తెలివి.

అవ్వ బకెట్ దగ్గర కూర్చుని పుల్లతో నీళ్ళు కదిపింది. తేలుతున్న గొల్లభామల్ని, సాలెపురుగుల్ని ఒక్కొక్కటే తీసి గట్టు మీద పెట్టింది. కొట్టినా బాగుండేది.

"మనం దులిపింది పెద్ద పురుగుల్నే పాపా. ఆకుల మీద గుడ్లుండాయి, కంటికానని పిల్లపురుగులుండాయి. వాటిని మనం ఏరగలమా? ఇయ్యే తినాల. దొంగలతో పాటు కావలోళ్ళను గూడా ముంచేస్తివి కదే."

పది రోజులకు చేను మళ్ళీ పురుగెక్కింది. నేను ముంచినవాటి వల్లేనా అంటే ఇప్పటికీ చెప్పలేను. నాయన బొక్కలు పడిన కాయలు గుప్పెడు తెచ్చి అవ్వ ముందు పోసి, ఏంది మా ఇది అన్నాడు. నేను తలుపు వెనక నిలబడి ఉన్నాను. అవ్వ నా వైపు చూడనైనా చూడలేదు.

"నాకు సూపు ఆనడం లేదురా. సరిగ్గా ఏరలేకపోయినా. నీ ఇష్టం, కొట్టుకో."

మందు కొట్టారు. ఆ ఏడు పంట బంగారంలా వచ్చింది, అదే మా కర్మ. ఆ తర్వాత ఇంట్లో అవ్వ మాట చెల్లలేదు. ఆమె మళ్ళీ దుప్పటి పట్టుకుని చేలోకి పోలేదు. ఒక మందు పోయి రెండయ్యాయి, రెండు పోయి నాలుగయ్యాయి. పచ్చపురుగు మాత్రం నిక్షేపంగా ఉంది. పేడను ఉండలు చేసి భూమిలోకి లాక్కుపోయే పేడపురుగులు పోయాయి. తొలకరికి మఖమల్ ముక్కల్లా పాకే ఆరుద్ర పురుగులూ పోయాయి. మొన్న చలికాలంలో మా చేలో ఒక కందిచెట్టు ఊపి చూశాను. పచ్చపురుగులు రాలాయి. వాటిని తినేది ఒక్కటీ రాలలేదు. అవి తిరిగి వస్తాయన్న ఆశ నాకు లేదు, ఉందని అబద్ధం చెప్పను.

అవ్వ ఆ నింద మీద వేసుకున్నప్పుడు నేను తలుపు వెనక నుంచి ఇవతలికి రావాల్సింది. ఏరనిది అవ్వ కాదు, నేను అని నాయనతో చెప్పాల్సింది. ఇంకో పది రోజులు ఇవ్వు, ఈసారి సరిగ్గా ఏరతానని అడగాల్సింది. నాయన వినేవాడో లేదో. అవ్వా పోయింది, నాయనా పోయాడు. ఆ మాట ఇంకా నా గొంతులోనే ఉంది.