పట్టుదారం చుట్టిన మొదటి గాజు

సిగరెట్ మానేసి ఈ రోజుకు పది రోజులు. చేతులు ఊరుకోవడం లేదు. పొద్దున్నుంచి స్విచ్‌బోర్డులు విప్పి బిగిస్తుంటే, మా ఆవిడ విసిగిపోయి పక్కింటి నసీమ్ ఆపా దగ్గరికి పంపింది. ఆపా ప్లాస్టిక్ గాజులకు పట్టుదారం చుట్టి అమ్ముతుంది. నాకూ ఒక గాజు, గమ్ము, ఎర్రదారం ఇచ్చింది. నాలుగుసార్లు చుట్టాను, నాలుగుసార్లూ వదులైంది. ఐదోసారి దారం తెంపేసి, లేచి చెప్పులేసుకున్నాను.

"యాడికి పోతున్నవ్ భాయ్, పాన్ డబ్బాకా?"

నిజంగా అక్కడికే. ఒక్క సిగరెట్ కోసం.

"కూసో. గుస్సా దారం మీద తియ్యకు. మెల్లగ చుట్టు."

కూర్చున్నాను. సాయంత్రానికి గాజు పూర్తయింది, ఒక పక్క బాగా ఉబ్బిపోయి. మా ఆవిడ పగలబడి నవ్వింది, కానీ వేసుకుంది. రెండో చేతికి రేపు కావాలట. వదులు కాకుండా చుట్టడం తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.