వెనక లైటు

పెన్సిల్వేనియాలో రోజూ నడిపే మోటార్‌సైకిల్‌ని, ఎంత పాతదైనా, ఏడాదికోసారి ఇన్‌స్పెక్షన్‌కి తీసుకెళ్లాలి. నా బండికి పాతికేళ్లు దాటాయి. ఏదో ఒకటి పాడైందంటారని ముందే సిద్ధపడి వెళ్తాను. ఈసారి టైర్లు, హారన్, హెడ్‌లైటు అన్నీ పాసయ్యాయి. చివర్లో మెకానిక్ బండి వెనక్కి వెళ్లి నిలబడి, నన్ను బ్రేక్ నొక్కమన్నాడు.

"వెలగడం లేదు. ఎప్పటినుంచి?" అని అడిగాడు.

తెలియదన్నాను. నా వీపు వెనక వెలగాల్సిన లైటు సంగతి నాకెలా తెలుస్తుంది?

హైదరాబాద్‌లో స్టాండ్ తీయడం మరిచిపోతే, వీధి మలుపు తిరిగేలోపే ఎవరో ఒకరు "అన్నా, స్టాండ్" అని కేకేసేవారు. పట్టపగలు హెడ్‌లైటు వెలుగుతుంటే ఎదురొచ్చేవాళ్లు గుప్పిట మూసి తెరిచి సైగ చేసేవారు. వీళ్లకెందుకు నా గొడవ అని విసుక్కునేవాణ్ణి. ఇక్కడ ఆఫీస్‌కి వెళ్లే దారిలో, ప్రతి సిగ్నల్ దగ్గరా నా వెనక కార్లు ఆగుతాయి. ఒక్కరూ అద్దం దించి చెప్పలేదు.

మెకానిక్ బల్బు మార్చి, కొత్త స్టిక్కర్ అంటించాడు. "అప్పుడప్పుడు ఇంట్లో ఎవరినైనా వెనక నిలబెట్టి చూసుకో" అన్నాడు. సరేనన్నాను. ఇంట్లో ఎవరూ లేరని అతనికి చెప్పడం దేనికి?

ఇంటికొచ్చి, బండిని గరాజ్‌లోకి వెనక్కి నెట్టి, గోడకు దగ్గరగా ఆపాను. తాళం తిప్పి, బ్రేక్ నొక్కి, తల తిప్పి చూశాను. గోడ ఎర్రబడింది.

"అన్నా, వెలుగుతోంది" అని పైకే అన్నాను.