జారని భుజం

డెబ్బైల చివర్లో విశాఖ పోర్టులో గోధుమ మూటలు మోసేవాణ్ణి. ఇద్దరు మనుషులు మూట ఎత్తి మన భుజాన వేస్తారు. వేసేముందు "ఏత్తన్నాం!" అని ఒకరు కేక పెట్టాలి. ఆ కేకకి ఒళ్ళు తనంతట తానే బిగుసుకునేది. రోజంతా వినీ వినీ, అరిచారన్న ధ్యాస కూడా ఉండేది కాదు.

మా కేక మనిషి నా భార్యకి అన్న. ఓ పెళ్ళిలో నన్ను రెండో బంతిలో కూర్చోబెట్టాడు. గారెలు మొదటి బంతికే అయిపోయాయి. నాకు ఒళ్ళు మండి, "ఇంక నీ గొంతు నాకు ఇనపడకూడదు బావా" అనేశాను. మర్నాడు ఆ మహానుభావుడు నా మాట నిలబెట్టాడు. మూట నోరు మెదపకుండా వేశాడు. నా కుడి భుజం కీలు తప్పింది.

ఆసుపత్రిలో సర్ది కట్టు కట్టారు. కట్టు విప్పాక చొక్కా తొడుక్కున్నా జారేది. ఇక మూట ఎలా మోస్తాను? కసరత్తులు నేర్పే ఆవిడ ఓపిగ్గా చెప్పింది. "భుజం గుంటకి లోతు తక్కువండీ. ఎముకని పట్టుకునేది చుట్టూ ఉన్న కండలే. బరువు పడేలోపు అన్నీ ఒక్కసారి బిగుసుకోవాలి. మీవి ఆలస్యంగా మేలుకుంటున్నాయి. చెయ్యి చాపి నిలబడండి, ఎటునుంచో చెప్పకుండా ఎవరినైనా తొయ్యమనండి."

తొయ్యడానికి బావే వచ్చేవాడు. రోజూ డ్యూటీ దిగి, స్నానమైనా చెయ్యకుండా. పైనుంచి, పక్కనుంచి, వెనకనుంచి తోసేవాడు. నాకు విసుగొచ్చి "సాల్లే, ఎల్లు" అని కసిరేవాణ్ణి.

"నాను పాడు సేసిందే గదా బావా, నన్నే బాగుసెయ్యనీ" అనేవాడు.

నాలుగు నెలలకి కండలకి బుద్ధొచ్చింది. ఎటు తోసినా, నేను తెలుసుకునేలోపే భుజం పట్టేసేది.

మళ్ళీ పనిలోకి వెళ్ళి మూట కింద వంగాను. భుజం బిగిసింది, నాకు స్పష్టంగా తెలిసింది. అయినా కాళ్ళు పక్కకి తప్పుకున్నాయి. మూట నేలమీద పడి పిగిలింది. అందరూ చుట్టూ చేరారు. పిరికివాడినని చెప్పుకోవడానికి సిగ్గేసింది. భుజం పట్టుకుని, "మళ్ళీ జారిపోయింది" అన్నాను.

నాకు గోదాము ఊడ్చే పని ఇచ్చారు. చెప్పాలంటే అందులోనే హాయిగా ఉండేది. బావ మాత్రం నన్ను చీపురుతో చూసినప్పుడల్లా తల దించుకుని వెళ్ళిపోయేవాడు. చనిపోయేదాకా అలాగే వెళ్ళాడు. నేను నిజం చెప్పలేదు.