మావయ్యకి తలంటిన ఇల్లు

ఊరంతా చూస్తుండగా మేనమామ నెత్తిన నూనె పోసి తలంటిన మేనల్లుడు ఈ లోకంలో నేనొక్కణ్ణే అనుకుంటాను. ఇంకొకడెవడైనా ఉన్నాడని తెలిస్తే చెప్పండి, వెళ్ళి కాళ్ళకి దణ్ణం పెట్టుకొస్తాను. ఎందుకంటే నేను పోసింది నువ్వుల నూనె కాదు, లారీ జాకీలో పోసే నూనె. అదీ ఆయన కూతుర్ని నాకిస్తాడో ఇవ్వడో తేలాల్సిన రోజున.

అరవైల చివర్లో సంగతి. బొబ్బిలిలో మా మావయ్యకి లారీలు బాగుచేసే షెడ్డుండేది. నేను అందులో జాకీలు విప్పి బిగించేవాణ్ణి. ఆయన కూతురు పైడితల్లి నాకు వరసైన పిల్ల. మేనరికమే కదా, పిలిచి ఇస్తారని ధీమాగా ఉండేవాణ్ణి. మావయ్యది మాత్రం ఒకటే మాట.

"నా షెడ్డులో పన్జేసినోడికి నా పిల్లనెలాగిస్తాన్రా? ఇశాపట్నంలో ఏదైనా వర్క్‌షాపులో ఉజ్జోగం సూసుకో. అప్పుడు సూద్దాం."

వర్క్‌షాపువాళ్ళేమో సర్టిఫికెట్ తెమ్మనేవారు. నా దగ్గర మసిగుడ్డ తప్ప ఇంకేమీ లేదు.

సరిగ్గా అప్పుడు దిగాడు ఓ తెల్లదొర. వీణలు ఎలా చేస్తారో చూసి రాసుకుపోదామని జీపులో వచ్చాడు. జీపు వెనకాల చక్రాల మీద ఓ పెద్ద రేకుపెట్టె, నడుమెత్తున ఉంది. దాన్ని ట్రావెలర్స్ బంగళా ఆవరణలో ఆపి, ముందున్న పిడి పట్టుకుని, బోరింగు కొట్టినట్టు కొట్టడం మొదలెట్టాడు. పెట్టె మూత పైకి లేచింది. నాలుగు మూలలా నాలుగు ఉక్కు స్తంభాలు నిగనిగలాడుతూ పొడుగవుతున్నాయి. మూతకి వేలాడుతున్న గుడ్డగోడలు సాగాయి. లోపల రెండు మంచాలు, ఒక బల్ల, ఒక పొయ్యి. కూర్చున్న మనిషి లేచి నిలబడ్డట్టు ఇల్లు లేచి నిలబడింది.

తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయాను. జాకీ లారీని జానెడు లేపడం నాకు రోజూ చూసేదే. కానీ ఒక మనిషి చెమట పట్టకుండా, ఒంటిచేత్తో, మంచాలూ పొయ్యీ ఉన్న ఇంటికి కప్పు లేపడం చూశాక ఆ రాత్రి అన్నం సహించలేదు. మర్నాటి నుంచి జనం గుంపులు కట్టుకుని వచ్చారు. ఓ ముసలావిడ స్తంభానికి పసుపు రాసి కొబ్బరికాయ కొట్టి వెళ్ళింది. నవ్వకండి, నేనూ చెప్పులు బయట విప్పే వెళ్ళేవాణ్ణి.

స్తంభాలకి పట్టిన దుమ్ము తుడవడం, నూనెగుడ్డతో రుద్దడం, కీళ్ళకి గ్రీజు పెట్టడం దొర నాకప్పగించాడు. వచ్చీరాని తెలుగులో "నీ చేయి మంచిది" అన్నాడు. ఇదే సమయమనుకుని సర్టిఫికెట్ అడిగాను. వెళ్ళే రోజు రాసిస్తానన్నాడు.

ప్రయాణానికి ముందురోజు సాయంత్రం "రేపు వెళ్తాను. నూనె చూడు" అని చెప్పి, వీణలు చేసేవాళ్ళింటికి వెళ్ళిపోయాడు. పిడి పక్కనున్న టాంకీ మూత విప్పి పుల్ల ముంచాను. అడుగున రెండు వేళ్ళ నూనె ఉంది, అంతే. పది రోజులుగా ఈ ఇల్లు ఉత్తి టాంకీతో నిలబడిందా అని భయమూ వేసింది, ఒళ్ళూ జలదరించింది.

ఇక్కడ మా అమ్మ గురించి ఒక మాట చెప్పాలి. పక్కింటివాళ్ళు గిన్నెతో కూర పంపితే, ఆ గిన్నె ఎన్నడూ ఉత్తిగా తిరిగిచ్చేది కాదు. ఏమీ లేకపోతే గుప్పెడు చోళ్ళ గింజలైనా పోసి పంపేది. అలాంటి తల్లి కడుపున పుట్టినవాణ్ణి, ఊరొదిలి వెళ్ళే చుట్టాన్ని ఉత్తి టాంకీతో పంపుతానా? షెడ్డుకి పరిగెత్తాను.

"మావయ్యా, దొర బండిలో నూనె నేదు."

"ఎంత కావాల?"

"నిండా."

"మనూరొచ్చినోడ్ని ఉత్తినెలాగ పంపుతాం? అటక మీద పెద్ద డబ్బా ఉన్నాది, అట్టుకెళ్ళు. మంచి నూనె, నాను దాసుకున్నది."

టాంకీ అంచుదాకా పోశాను. పొద్దున్నే దొరకి చూపించి మెప్పు పొందాలని మూత బిగించకుండా పైన పెట్టి వదిలేశాను. నిండు కుండ తొణకదంటారు. ఆ మాట అన్నవాళ్ళు నిండు కుండలో ఇంకో కుండ ఒంపి చూసి ఉండరు.

తెల్లారేసరికి బంగళా నిండా జనం. మావయ్య ఇస్త్రీ పంచె, మల్లెపువ్వులాంటి లాల్చీ వేసుకుని, కుంకుమ, నిమ్మకాయలు పట్టుకుని వచ్చాడు. "ఇదంతా సూసుకున్నది నా మేనల్లుడే" అని అడిగినవాడికీ అడగనివాడికీ చెబుతున్నాడు. నా చెవిలో మాత్రం మెల్లగా, "కాయితం సేతికొస్తే, ఈ నెల్లోనే ముహూర్తం సూపిస్తాను" అన్నాడు.

దొర నా భుజం తట్టి, "నువ్వు దించు" అన్నాడు. అంత గౌరవం మా వంశంలో ఎవరికీ దక్కలేదు. మావయ్య ప్రయాణపు బొట్టు పెడదామని టాంకీ ముందు వంగాడు. నేను కప్పు దించే వాల్వు తిప్పాను.

కప్పు గజరాజు మోకరిల్లినట్టు నెమ్మదిగా దిగుతోంది. జనం చేతులెత్తి మొక్కుతున్నారు. అంతలో టాంకీ మూత ఎగిరిపడింది. దాని వెనకాలే నూనె పైకి లేచి, మావయ్య నెత్తిన, మీసాల మీద, లాల్చీ మీద ధారకట్టింది.

"కట్టెయ్‌రా."

"ఎటు తిప్పాలో తెలట్నేదు మావయ్యా."

"ఎటోకటు తిప్పు."

తిప్పాను. వాల్వు ఇంకాస్త తెరుచుకుంది. కప్పు ఇంకాస్త జోరుగా దిగింది, నూనె ఇంకాస్త జోరుగా ఎగిరింది. చివరికి దొరే వచ్చి కట్టాడు. మావయ్య మీసాల చివర్ల నుంచి చుక్కలు పడుతున్నాయి.

దొర చెయ్యి పైకీ కిందకీ ఆడిస్తూ చెప్పాడు. "కప్పు పైన ఉంటే నూనె పైన. కప్పు దిగితే నూనె టాంకీలో. దించి చూడాలి."

మావయ్య వేళ్ళ మధ్య నూనె రుద్దుకున్నాడు. స్తంభాల వంక చూశాడు, టాంకీ వంక చూశాడు. తిడతాడని నేను కళ్ళు మూసుకున్నాను.

"ఒరే సింవాచలం, అది ఉత్తి టాంకీ కాదురా. నూనె పన్లోకెళ్ళింది. ఆ నాలుగు రాటల్లోకీ ఎక్కి, పది రోజులు కూకోకుండా కప్పుని మోసింది. దిగొచ్చీసరికి దానింట్లో ఇంకొకడ్ని కూకోబెట్టేసినావు."

అని, నూనె కారుతున్న చేతులతోనే ఆ రేకుపెట్టెకి దణ్ణం పెట్టాడు. యంత్రం ఆయనకి నాకన్నా ముందు అర్థమైంది. ఆ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

నాకు ఏడుపొచ్చింది. "మావయ్యా, మరి పైడితల్లి..."

"ముందు దాన్ని కుంకుడుకాయలు కొట్టమను."

దొర మాట తప్పలేదు. కాగితం కవర్లో పెట్టి అంటించి నా చేతిలో పెట్టాడు. విశాఖపట్నం వర్క్‌షాపులో పెద్దాయన అది చదివి, పడీపడీ నవ్వి, నాకు తెలుగులో చెప్పాడు. "ఈ కుర్రవాడు నిజాయితీపరుడు. అప్పగించిన వస్తువుని కన్నబిడ్డలా చూసుకుంటాడు. తక్కువైందనిపిస్తే తన ఇంట్లోది తెచ్చి పోస్తాడు. అందుకని దయచేసి ఇతని చేతికి నూనె డబ్బా ఇవ్వకండి."

ఉద్యోగం ఇచ్చారు, రంగులేసే సెక్షన్లో. మావయ్య పిల్లనిచ్చాడు.

కాబట్టి అగ్నిసాక్షిగా నేను ఇందుమూలంగా ప్రమాణం చేసి చెప్పేదేమంటే, ఈ జన్మలో దేన్లోనూ నూనె పోయను. కార్తీకమాసంలో ప్రమిదలు నేను పేరుస్తాను, ఒత్తులు నేను వేస్తాను. నూనె గిన్నె మాత్రం పైడితల్లి నాకు అందకుండా అవతలి చేతిలో పట్టుకుంటుంది.