నాయన వంతు బటన్

దసరాకు నెల ముందే తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను. ఈసారి అమ్మకు చీర తేవద్దు. బీరువాలో మడత విప్పని చీరలు పద్నాలుగు ఉన్నాయి, ఇంట్లో కట్టేది రెండే. మిఠాయి వద్దు, అమ్మకూ షుగరే, నాకూ షుగరే. తెస్తే బాత్రూంలో పట్టుకునే కడ్డీలాంటిది, నా నడుముకు సాయపడేది తే అన్నాను.

వాడు గిద్దలూరులో ఉంటాడు. "పండక్కి తల్లికి బాత్రూం కడ్డీ తెచ్చిన కొడుకని నన్ను చూసి నవ్వుతారు గదక్కా," అన్నాడు.

"నవ్వేవాళ్లను ఒక్కపూట వచ్చి అమ్మకు నీళ్లు పోయమను."

ఉగాది వెళ్లిన వారం అమ్మ వసారాలో పడింది. తుంటి విరిగితే మార్కాపురంలోనే ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. ఇంకోసారి పడితే మళ్లీ నిలబడదని డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. అమ్మకు ఎనభై ఎనిమిది, నాకు అరవై తొమ్మిది. నేను బడిలో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. ఆమె మంచాన పడితే ఎత్తి దించే బలం నాకు లేదు; లెక్క ఏ పద్ధతిలో చేసినా అదే జవాబు వచ్చేది. నన్ను పిలవకుండా ఆమె లేవకూడదు. అంతే కావాలి నాకు.

తమ్ముడు దసరా ముందు అమావాస్యకే వచ్చాడు. ఆ రోజు మేం పెద్దలకు బట్టలు పెట్టుకుంటాం. వాడు తెచ్చినవి మూడు: గోడకు బిగించే స్టీలు కడ్డీ, కాళ్లకు రబ్బరు తొడుగులున్న స్టూలు, వైర్లు లేని కాలింగ్ బెల్లు. బెల్లును వంటింట్లో ప్లగ్గుకు పెట్టాలి. మంచం దగ్గర బటన్ నొక్కితే అక్కడ పిట్ట కూసినట్టు మోగుతుంది. వాడు బటన్ వెనక మూత తీసి, బ్యాటరీ కింద ఉన్న ప్లాస్టిక్ పట్టీని లాగేశాడు. "ఇది లాగిందాకా పనిచేయదక్కా. కొత్తవి అట్లనే వస్తాయి." అట్టపెట్టెలో బటన్లు రెండు ఉన్నాయి. ఒకటి చాలన్నాను.

మా ఇంట్లో కొత్తది ఏదైనా పెద్దల ముందు పెట్టిన తర్వాతే వాడతాం. నాయన ఫోటో ముందు పీట మీద కొత్త పంచె, దాని మీద బెల్లు పెట్టె, పక్కన స్టూలు పెట్టాం. అమ్మ కడ్డీకి కూడా కుంకుమ పెట్టించింది. "మీ నాయన ఉంటే, గోడకు కడ్డీ ఏంది, నేనేమన్నా కోతినా అంటాడు," అని తనే నవ్వింది. సాయంత్రం తమ్ముడు అన్నీ బిగించి వెళ్లాడు. పంచెను అమ్మ ఒళ్లో పెట్టుకుని మడిచి ఇచ్చింది. నేను తీసుకెళ్లి లోపలి గదిలో ట్రంకు పెట్టెలో పెట్టాను.

అమ్మ బటన్‌ను మెడలో వేసుకోనంటే మంచం పట్టెకు కట్టాను. నాలుగు రోజులు బాగానే గడిచింది. ఐదో రోజు మధ్యాహ్నం గోంగూర వలుస్తుంటే బెల్లు మోగింది. చేతులు తుడుచుకుని వెళ్లాను. అమ్మ చెంప కింద రెండు చేతులూ పెట్టుకుని నిద్రపోతోంది.

మర్నాడు అదే వేళకు మోగింది. మూడో రోజు నేను వెళ్లేసరికి మంచం ఖాళీగా ఉంది. నాపరాళ్ల మీద వట్టి పాదాలతో, గోడ పట్టుకుని, లోపలి గది వైపు పోతోంది.

"యాడికమ్మా?"

"మీ నాయన పిలుస్తాండాడు గదా పాపా. నీకు వినపడలా?"

పట్టుకుని మంచం మీదికి తెచ్చాను. నాయన పోయి పదకొండేళ్లు. బతికినన్నాళ్లూ భోజనం చేసి కునుకు తీసి, లేవగానే కాఫీకి పిలిచేవాడు. రెండో పిలుపు దాకా అమ్మ ఏనాడూ ఆగలేదు.

మర్నాడు ఆ వేళకు మంచం బటన్‌ను విప్పి నా గుప్పిట్లో పెట్టుకుని వంటింట్లో కూర్చున్నాను. నా వేళ్లు కదలలేదు. బెల్లు మోగింది.

కరెంటు పనిచేసే అతన్ని పిలిపించాను. పక్కిళ్లలో ఇలాంటి బెల్లు లేదని ముందే అడిగి తెలుసుకున్నాను. అతను బెల్లును అటూ ఇటూ తిప్పి, "రెండో బటన్ యాడుంది పెద్దమ్మా?" అన్నాడు. అట్టపెట్టె చూశాను. లేదు. అమ్మనడిగాను.

"మీ నాయనకు పెట్టినా," అంది అమ్మ.

"ఆయనకెందుకమ్మా?"

"ఇద్దరికని రెండిచ్చినారు. రెండూ నేనే ఉంచుకుంటానా?"

ట్రంకు తెరిచి పంచె విప్పాను. మడత మధ్య, పసుపు పెట్టిన చోట, బటన్ ఉంది. నాకు ప్రాణం కుదుటపడింది. ఏ ఎలుకో తొక్కుతోందనుకున్నాను. అతను దాన్ని నొక్కాడు. బెల్లు మోగలేదు. వెనక మూత తీసి చూసి, నా చేతిలో పెట్టాడు. బ్యాటరీ కింద ప్లాస్టిక్ పట్టీ అలాగే ఉంది.

"దీంతో బెల్లు ఇంతవరకు ఎప్పుడూ మోగలేదు పెద్దమ్మా."

"మరి దేనితో మోగుతోంది?"

"టీ వద్దులేమ్మా, పనుంది," అని స్క్రూడ్రైవర్ జేబులో వేసుకున్నాడు. టీ ఇస్తానని నేను అనలేదు.

ఫోన్లో సంగతి చెబితే, బెల్లు తీసేయమన్నాడు తమ్ముడు. ఒక రోజు తీసి చూశాను. ఆ వేళకు అమ్మ లేచి కూర్చుంది. "పిలవలేదేంది ఈ పొద్దు? ఒంట్లో బాగలేదేమో," అని కాళ్లు కిందికి దించింది. పైగా బెల్లు లేకపోతే ఆమె నిజంగా పిలిచినప్పుడు నాకు వినబడదు. మళ్లీ ప్లగ్గుకు పెట్టాను. నాయన బటన్‌ను తిరిగి పంచె మడతలోనే ఉంచాను.

ఇప్పుడు బెల్లు మోగగానే వంటింట్లోంచే గట్టిగా, "వస్తాండా నాయనా," అంటాను. "నేను పోతాలే, నువ్వు పండుకో," అని అమ్మకు చెప్పి, లోపలి గదిలోకి వెళ్లి ట్రంకు ముందు నిలబడతాను. ఆ గదికి కిటికీ లేదు. కొంచెంసేపు ఆగి వస్తాను. అమ్మ లేవడం మానేసింది. ఇప్పటివరకు పడలేదు.

కాని రోజూ అడుగుతుంది, ఏమన్నాడని. కాఫీ అడిగినాడని చెప్పేదాన్ని. నిన్న మాత్రం జాగ్రత్త కోసం ఇంకో మాట చెప్పాను.

"నిన్ను లేవొద్దన్నాడమ్మా."

"లేవొద్దన్నాడా? అయితే తనే వస్తాడేమో," అంది.

నేను కాదనలేదు. కాదంటే లేస్తుంది. అమ్మ మెల్లగా గోడ వైపు జరిగి, ఇవతల పక్క మనిషి పట్టేంత చోటు వదిలి, కళ్లు మూసుకుంది.